అద్దం మీద అంకె

తాను చెప్పుకున్న దానికంటే బాగా పరుగెత్తితే ఓడిపోయే ఆట ఒకటుంది. అమెరికాలో వారాంతాల్లో మామూలు మనుషులు, రోజూ ఆఫీసుకి వెళ్లే కార్లతోనే ఆ ఆట ఆడతారు. బ్రాకెట్ రేసింగ్ అంటారు దాన్ని. డ్రాగ్ రేసుల్లో చవకైనదీ, బయట పెద్దగా పేరు లేనిదీ ఇదే. కొన్నేళ్లుగా నేనూ ఆడుతున్నాను. స్త్రీల పత్రికలో ఈ కార్ల గొడవేమిటి అనుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. ఆట నియమాలు తెలియకపోతే నేను అడగదల్చుకున్న ప్రశ్న అర్థం కాదు.

తిన్నగా పావు మైలు దారి, అంటే 1320 అడుగులు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. మధ్యలో దీపాల స్తంభం. మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో ఒకదాని కింద ఒకటి వెలుగుతాయి, ఆ తర్వాత ఆకుపచ్చ దీపం. రేసుకి ముందే ప్రతివాళ్లూ తమ కారు ఈ దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటుతుందో అంచనా వేసుకుని, ఆ అంకెను తెల్ల బూటు పాలిష్‌తో కారు అద్దం మీద రాసుకోవాలి. డయల్-ఇన్ అంటారు. నా అద్దం మీద 15.80 ఉందనుకోండి, పక్కన నిలబడ్డ ముస్టాంగ్ మీద 12.30 ఉందనుకోండి. తేడా మూడున్నర సెకన్లు. నా వైపు దీపాలు మూడున్నర సెకన్లు ముందుగా వెలుగుతాయి. అతను అక్కడే ఇంజన్ గర్జిస్తూ నిలబడి నా వెనక దీపాలు చిన్నవవుతుంటే చూస్తూ ఉండాలి. ఇద్దరం రాసుకున్నట్టే నడిపితే చివరి గీత దగ్గరికి ఒకేసారి చేరతాం. అప్పుడు దీపం వెలగ్గానే ఎవరు ముందు కదిలారో వాళ్లది గెలుపు. అంటే కారుకి, కారుకి మధ్య ఉన్న తేడాని తీసేసి, మనిషికి, మనిషికి మధ్య ఉన్న తేడాని మాత్రమే మిగులుస్తారు.

మరి ఎవరైనా తక్కువ చేసి చెప్పుకుని గెలిచేయరా? అందుకే ఇంకో నియమం ఉంది. 15.80 రాసుకుని 15.78లో వెళ్తే నేను ఓడినట్టే. బ్రేకవుట్ అంటారు. ఇద్దరూ అలా హద్దు దాటితే, తక్కువ దాటినవాళ్లది గెలుపు.

ఈ నియమం మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. హద్దుల్లో ఉండమని చెప్పించుకుంటూ పెరిగినదాన్ని, డబ్బు కట్టి మరీ హద్దు దాటితే ఓడిపోయే ఆటలో చేరడమా అనిపించింది. తర్వాత తట్టింది, ఈ అంకెను రాసేది నేనే. ప్రతి రౌండుకీ ముందు చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. లక్ష్మణరేఖ కథలో (వాల్మీకంలో అది లేదని తెలిసినా మన ఇళ్లలో అదే చెప్తారు) గీత గీసింది లోపల ఉన్న మనిషి కాదు. నేను రాసుకున్నది హద్దూ కాదు, ఒక మాట. నా గురించి నేను ఇచ్చే మాట.

కారు సంగతి చెప్పాలి. 1997 నాటి నిస్సాన్ మాక్సిమా, నాలుగు తలుపుల సెడాన్, ఆటోమేటిక్ గేర్లు, మూడు లీటర్ల వీ6 ఇంజన్, కంపెనీ లెక్కన 190 హార్స్ పవర్. మన విద్యార్థుల మధ్య చేతులు మారుతూ వచ్చిన బండి. డిగ్రీ అయిపోయి ఉద్యోగానికి వేరే రాష్ట్రం వెళ్లేవాళ్లు, కొత్తగా దిగినవాళ్లకి వంటపాత్రలతో పాటు అమ్మేసి వెళ్తారు చూడండి, ఆ కోవలోది. నా దగ్గరికి వచ్చేసరికి వెనక సీటు మీద ఏళ్లనాటి ఆవకాయ నూనె మరక కూడా ఉంది. మొదట్లో అది పావు మైలుని 16.30 దరిదాపుల్లో దాటేది. ఇప్పుడు 15.80.

ఈ అర సెకను ఎక్కడినుంచి వచ్చిందంటే, గొప్ప పనులేమీ చేయలేదు. టర్బో లేదు, నైట్రస్ సిలిండర్ లేదు. స్పార్క్ ప్లగ్గులు ఆరూ మార్చాను. ఇంజన్ అడ్డంగా కూర్చుని ఉంటుంది కాబట్టి ముందు వరస మూడూ సులువు, వెనక వరస మూడూ చెయ్యి దూర్చి తడుముకుంటూ తీయాలి. గాలి ఫిల్టరు, పెట్రోలు ఫిల్టరు, ట్రాన్స్‌మిషన్ నూనె మార్చాను. ఈ తరం మాక్సిమాలో రెండు వరసల సిలిండర్ల పొగనీ కలిపి వెనక్కి పంపే వై ఆకారపు గొట్టం ఒకటుంది. కంపెనీ వేసిన గొట్టం ఇరుకు, ఇంజన్‌కి ఊపిరాడనివ్వదు. దాన్ని తీసి వెడల్పైనది వేశాను. తుప్పు పట్టిన బోల్టులు ఊడటానికే మూడు రోజులు పట్టింది. దాని తర్వాత వచ్చే కాటలిటిక్ కన్వర్టర్‌ని ముట్టుకోలేదు. అది తీసేయడం నేరం, పైగా తీయాలని లేదు కూడా. రేసు రోజున స్పేర్ చక్రం, జాకీ, డిక్కీలో పడి ఉండే పుస్తకాల పెట్టె దింపేస్తాను. పావు ట్యాంకు పెట్రోలుతో వెళ్తాను. వంద పౌన్ల బరువు తగ్గితే సుమారు సెకనులో పదోవంతు తగ్గుతుందని రేసర్ల మోటు లెక్క. ముందు చక్రాలు లాగే కారు కదలగానే బరువు వెనక్కి ఒరుగుతుంది, లాగాల్సిన చక్రాలే తేలికై జారతాయి. అందుకని ముందు టైర్లలో గాలి కాస్త తగ్గిస్తాను. ఉక్కపోత రోజున గాలి పల్చబడి కారు నెమ్మదిస్తుంది, చల్లటి సాయంత్రం పుంజుకుంటుంది. మధ్యాహ్నం రాసుకున్న అంకె రాత్రికి పనికిరాదు. 14 సెకన్లకంటే నెమ్మదైన కార్లకి హెల్మెట్ తప్పనిసరి కాదు. నేను పెట్టుకుంటాను.

విడిభాగాల దుకాణంలో గొట్టం తీసుకోవడానికి వెళ్తే, "మీ ఆయన వచ్చి తీసుకెళ్తారా" అని అడిగాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. అలాంటివి రాస్తూ పోతే పేజీలు చాలవు, పాఠకులకి కొత్తా కాదు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఈ ఆటలో కారుని మెరుగు పరిస్తే గెలుపుకి ఒరిగేదేమీ లేదు. నా కారు అర సెకను పుంజుకుంటే, పక్కవాడికంటే ముందు నాకిచ్చే సమయంలో అర సెకను తగ్గిపోతుంది. లెక్క సరి. నిజానికి నెమ్మదిగా, ప్రతిసారీ ఒకేలా పరుగెత్తే ముసలి బండి, వేగంగా, రోజుకోలా పరుగెత్తే బండికంటే ఎక్కువసార్లు గెలుస్తుంది. మరి ఆ మూడు రోజులు తుప్పు బోల్టులతో ఎందుకు కుస్తీ పట్టినట్టు?

మా అమ్మ ఫోన్లో ఇదే అడిగింది. "కారు కడుక్కుంటున్నావంటే సరే. విప్పుకోవడం ఎందుకే? దానివల్ల ఏమొస్తుంది?" ఏమీ రాదు అన్నాను. "ఏమీ రాని పనికి అంత కష్టమా" అంది. ఆవిడ వెటకారంగా అనలేదు. ఆ ప్రశ్న వెనక పెద్ద చరిత్ర ఉంది.

స్త్రీలు మెరుగుపడటం అనేది మనకి ఎప్పుడూ ఇంకొకరి ఖాతాలోనే జమ అయింది. 1883లో వీరేశలింగం స్త్రీల కోసం పత్రిక పెట్టినప్పుడు దాని పేరే 'సతీహితబోధిని'. ఆ కాలపు సంస్కర్తలు ఆడవాళ్లకి చదువెందుకో చెప్పాల్సి వచ్చినప్పుడు మంచి భార్య అవుతుంది, పిల్లల్ని బాగా పెంచుతుంది, ఇల్లు దిద్దుకుంటుంది అనే చెప్పారు. వాళ్లని తప్పుపట్టడం సులువు. ఎదుటివాళ్లు ఒప్పుకునే భాషలో వాదించారు. కానీ ఆ వాదం ఇప్పటికీ పోలేదు. సంస్కర్తల చోట ప్రభుత్వ పథకాలూ, కంపెనీలూ వచ్చాయి. ఆడపిల్లని చదివిస్తే కుటుంబ ఆదాయం పెరుగుతుంది, జననాల రేటు తగ్గుతుంది, దేశం బాగుపడుతుంది. నిజమే, అవన్నీ జరుగుతాయి. ఏవీ జరగకపోతే మాత్రం? ఆ పిల్లకి ఒక విషయం తెలియడం అన్నదానికి దానికదే విలువ లేదా? ఎవరికీ పనికిరాని మెరుగుదలకి స్త్రీకి హక్కు ఉందా? నా ప్రశ్న ఇదే. గొట్టాలు, ప్లగ్గులు దానికి సాకు.

హక్కు ఉందని నా అభిప్రాయం. దీన్ని హక్కు అని కూడా చాలామంది అనరు, సరదా అంటారు. మగవాళ్లు వారాంతాల్లో గరాజ్‌లో ఏదో ఒకటి విప్పి బిగిస్తుంటే అది వాళ్ల హాబీ. దానికి ఎవరూ ప్రయోజనం అడగరు. ఆడవాళ్ల కుట్టుపని, ముగ్గు, వంట అన్నీ నైపుణ్యాలే, కానీ అవి ఇంకొకరి ఒంటి మీదో, వాకిట్లోనో, కంచంలోనో తేలాలి. నా అర సెకను ఎక్కడా తేలదు. టైమ్ స్లిప్ అనే చిన్న కాగితం ముక్క మీద అచ్చవుతుంది, ఎండకి వెలిసిపోతుంది.

మా ఊరి స్నేహితులతో ఈ రేసుల గురించి మాట్లాడితే చర్చ ఇంకో దారి పడుతుంది. ఒక కంప్యూటర్ ఇంజనీరు ఒకసారి చూడ్డానికి నాతో వచ్చాడు. ఊళ్లో రిజర్వేషన్ల మాటెత్తితే మెరిట్ అంటూ మండిపడే మనిషి. ఇక్కడ మాత్రం, "ఎంత న్యాయంగా ఉందండీ! డొక్కు బండి ఉన్నవాడు కూడా గెలవచ్చు" అని మురిసిపోయాడు. నెమ్మదైనవాళ్లకి ముందుగా బయల్దేరే అవకాశం ఇవ్వడం మీకు ఇక్కడ న్యాయంగా కనిపించి అక్కడ ఎందుకు కనిపించలేదు అని అడిగాను. "ఇక్కడంటే మెషీన్లండీ. అక్కడ మనుషులు కదా" అన్నాడు. సరిగ్గా అదే తేడా, కానీ ఆయన అనుకున్న వైపుకి కాదు. నా మాక్సిమాని ఎవరూ పనిగట్టుకుని నెమ్మదిగా చేయలేదు. ముస్టాంగ్ దాన్ని దోచుకుని వేగం సంపాదించలేదు. మనుషుల విషయంలో ఒకరి నెమ్మదికీ ఇంకొకరి వేగానికీ సంబంధం ఉంది. యంత్రానికే ఇవ్వదగ్గ మూడున్నర సెకన్లు మనిషికి ఇవ్వడం దయ కాదు, బాకీ.

పోలిక ఇక్కడితో ఆగాలి. స్ట్రిప్ మీద తేడాని సెకనులో వందో వంతు దాకా కొలుస్తారు, అందరికీ కనిపించేలా రాస్తారు. బయట అలా రాయరు. చదువుకోవడానికి బల్ల ఉన్న ఇంట్లో, నీళ్లు మోసుకురమ్మని ఎవరూ చెప్పని ఇంట్లో పుట్టి పరీక్షలు రాసినదాన్ని నేను. ఆ సెకన్లు ఏ అద్దం మీదా లేవు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' చదివినవాళ్లకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. 'మనం స్త్రీలం' అని అందరం ఒకే గీత మీద నిలబడ్డట్టు మాట్లాడినప్పుడల్లా దళిత స్త్రీలు గుర్తు చేస్తూ వచ్చింది దీన్నే. ఆటలో ఇంకో విచిత్రం కూడా చూశాను. ముందు బయల్దేరేది నెమ్మది కారు కాబట్టి, దీపం వెలగకముందే కదిలే పొరపాటు అది చేస్తే చాలాకాలం అక్కడికక్కడే ఓటమి. వెనక వచ్చే వేగం కారు అంతకంటే పెద్ద పొరపాటు చేసినా లెక్కలోకి రాలేదు. ఈమధ్యనే చాలాచోట్ల ఎవరి పొరపాటు పెద్దదో చూసి తీర్పు చెప్తున్నారు. అవకాశం ముందుగా అందుకున్నవాళ్ల చిన్న తప్పు ముందుగా కనిపిస్తుంది. ఉద్యోగాల్లో ఇది చూడనివాళ్లెవరు?

ఇక మోసం సంగతి. 15.80లో వెళ్లగలిగి 16.20 అని రాసుకునేవాళ్లుంటారు. సాండ్‌బ్యాగింగ్ అంటారు. ముందుగా బయల్దేరే సమయం ఎక్కువ దొరుకుతుంది. చివరి గీత దగ్గర బ్రేకు నొక్కి, పక్కకారుకంటే కొంచెం ముందు, కానీ తన అంకె దాటకుండా గీత దాటతారు. దీనికి చాలా నేర్పు కావాలి. నిబంధనల ప్రకారం తప్పు కాదు, కొందరికి నచ్చదు. నాకు మాత్రం ఆ బ్రేకు దీపాలు ఎర్రగా వెలిగినప్పుడల్లా మా ఇల్లు గుర్తొస్తుంది.

మా అమ్మ వీధిలో నలభైమంది చీటీ లెక్కలు నోటితో చెప్పేది. ఎవరు ఏ నెలలో పాడారు, ఎంత తగ్గింపుకి పాడారు, ఎవరికి ఎంత కసరు రావాలి, అన్నీ. నాన్న భోజనం దగ్గర కూర్చుని ఆ లెక్క మళ్లీ వేసి 'సరిచేస్తే', "అవునండోయ్, నాకు తట్టలేదు" అనేది. చాలాసార్లు ఆయన వేసినదే తప్పు. ఆయన లేచాక ఆవిడ తన లెక్కనే పుస్తకంలో ఎక్కించేది. అది బ్రేకు నొక్కడమే. ఇప్పటికీ సెమినార్లలో మనవాళ్లు ఎంత బాగా చదువుకుని వచ్చినా, "నాకు దీనిమీద పెద్దగా అధికారం లేదు కానీ" అని మొదలుపెట్టి తర్వాత అద్భుతంగా మాట్లాడతారు. అదీ 16.20 రాసుకోవడమే.

ఇది అబద్ధమా? కాంట్ అయితే అబద్ధం అబద్ధమే అంటాడు. నేను అంత దూరం వెళ్లలేను. నిజం చెప్పినందుకు శిక్ష వేసేవాడికి నిజం బాకీ ఉన్నామా అన్నది ముందు తేల్చాలి. అమ్మ బ్రేకు నొక్కి గెలిచింది ట్రోఫీ కాదు, ఆ పూట ఇంట్లో ప్రశాంతత, చీటీ నడుపుకునే స్వేచ్ఛ. దాన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు.

కానీ తెలివైన ఎత్తుగడగా మెచ్చుకుని వదిలేయలేను కూడా. ఐరిస్ మారియన్ యంగ్ 1980లో 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' అనే వ్యాసం రాసింది. ఆడపిల్ల బంతి విసిరేటప్పుడు ఒళ్లంతా వాడదు, చేతిని మాత్రం కదిలిస్తుంది, ఎందుకు? శరీర నిర్మాణం వల్ల కాదు. 'చేయగలను' అని ఒళ్లు ముందుకు వెళ్తుండగానే 'చేయలేను' అని వెనక్కి లాగుతుంది, ఆమె బతికే పరిస్థితి అలా నేర్పింది అంటుంది యంగ్. ఇక్కడే రేసరుకీ అమ్మకీ తేడా. బ్రేకు నొక్కే రేసరుకి తన అసలు అంకె తెలుసు. పోటీకి ముందు టైమ్ ట్రయల్స్‌లో గెలుపోటములు లేకుండా పూర్తిగా తొక్కి చూసుకుని ఉంటాడు. దాచడానికి ముందు తెలియాలి. ఎప్పుడూ పూర్తిగా తొక్కకుండా ముప్పై ఏళ్లు బ్రేకు మీద కాలు పెట్టి నడిపినవాళ్లకి దాచినదెంతో వాళ్లకే తెలియకుండా పోతుంది. అమ్మ చీటీలు మానేసి చాలా ఏళ్లయింది. ఆ లెక్కల గురించి అడిగితే, "ఏదో మీ నాన్న చూసేవారు, నేను రాసేదాన్ని" అంటుంది. ఇప్పుడు ఎవరి కోసమూ నటించడం లేదు ఆవిడ. నిజంగానే అలా అనుకుంటోంది. నాకు భయం వేసింది అక్కడే.

అసలు ఈ అంకెలూ, ముందు వెనకలూ లేకుండా ఎదురెదురుగా తేల్చుకునే రేసులే నిజమైన సమానత్వం కదా అని ఒక స్నేహితురాలు వాదిస్తుంది. ఆ రేసులకి షర్లీ మల్డౌనీ ఉదాహరణ. 1973లో టాప్ ఫ్యూయల్ లైసెన్సు తెచ్చుకున్న మొదటి స్త్రీ. 1977, 1980, 1982లో ఆ తరగతిలో జాతీయ ఛాంపియన్. మగవాళ్లలో కూడా అప్పటికి ఎవరూ ఆ టైటిల్‌ని మూడుసార్లు గెలవలేదు. 1984లో మాంట్రియల్ దగ్గర ఘోర ప్రమాదంలో కాళ్లు నుజ్జయ్యాయి, 1986లో మళ్లీ వచ్చి నడిపింది. డ్రాగ్ రేసింగ్‌లో ఆడవాళ్లకని వేరే తరగతి లేదు. ఎరికా ఎండర్స్ 2014 నుంచి 2023 మధ్య ప్రో స్టాక్ టైటిల్‌ని ఆరుసార్లు గెలిచింది, మగవాళ్లతోనే పోటీపడి. వీళ్లని చూసి గర్వపడతాను. కానీ ఆ రేసులు మనిషిని మాత్రమే కొలుస్తాయనడం ఉత్త మాట. అక్కడ డబ్బు పరుగెత్తుతుంది, స్పాన్సర్లు పరుగెత్తుతారు. నా జీతంతో, నా పాత సెడాన్‌తో నేను ఒక మనిషిగా పోటీ పడగలిగింది అద్దం మీద అంకె రాసే చోటే.

ఇది తృప్తి పడమని చెప్పే పాత పాటే కదా అంటుంది ఆమె. ఉన్నదాంతో సర్దుకోమని పేదవాళ్లకీ, ఆడవాళ్లకీ చెప్పేదేగా అని. ఆ అనుమానం నాకూ ఉంది, పూర్తిగా పోదు. 16.30 దగ్గర ఆగిపోయి ఉంటే ఆమెదే నిజం అని ఒప్పుకునేదాన్ని. గెలుపుకి అక్కర్లేకపోయినా గొట్టం మార్చింది అందుకే అనుకుంటాను.

పూర్తిగా తొక్కి చూసుకునే చోట్లు మాత్రం తగ్గిపోతున్నాయి. మన తెలుగువాళ్లు కిక్కిరిసి ఉండే ఎడిసన్‌కి దగ్గర్లోనే ఇంగ్లీష్‌టౌన్‌లో 1965లో మొదలైన రేస్‌వే పార్క్ ఉండేది. 2018 జనవరిలో అక్కడ డ్రాగ్ రేసులు ఆపేశారు. న్యూజెర్సీ దక్షిణాన 1960 నుంచి నడిచిన ఆట్కో 2023లో మూతపడింది. చప్పుడు, పొగ, పెరిగిన భూముల ధరలు. వీటిలో మొదటి రెండిటి గురించి చుట్టుపక్కలవాళ్లు చేసే ఫిర్యాదు న్యాయమైనదే, వాదించలేను. నేనిప్పుడు గ్రేట్ మెడోస్‌లోని స్ట్రిప్‌కి గంట ప్రయాణం చేసి వెళ్తున్నాను. పరుగులకంటే ఆ ప్రయాణానికే పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది.

ఈ చలికాలం వెనక వరస వాల్వ్ కవర్ దగ్గర నూనె చెమ్మ కనిపిస్తోంది. గాస్కెట్ మార్చాలి. పై భాగాలన్నీ విప్పితే గానీ అక్కడికి చెయ్యి పోదు, రెండు శనివారాలు పట్టొచ్చు. దానివల్ల వందో వంతు సెకను కూడా తగ్గదు. నూనె కారే బండిని తనిఖీలోనే ఆపేస్తారు, అంతే.